కొలిచిన చుక్క, ఊహించిన గీత



వానాకాలంలో వర్షపాతం పటాలను మీలో చాలామంది చూసే ఉంటారు. పేపర్లోనో, టీవీలోనో, ఫోన్‌లోనో. ఒకచోట ముదురు నీలం, దాని చుట్టూ లేత నీలం, ఆ తర్వాత ఆకుపచ్చ, పసుపు. రంగుకూ రంగుకూ నడుమ మెలికలు తిరుగుతూ పోయే ఒక గీత. ఆ గీత మీద ఎక్కడ వేలు పెట్టినా ఒకే వర్షం కురిసిందని అర్థం. 50 మిల్లీమీటర్ల గీత అయితే దాని పొడవునా 50 మిల్లీమీటర్లే. ఇలాంటి గీత నేల ఎత్తును చూపితే సమోన్నత రేఖ అంటాం, ఉష్ణోగ్రతను చూపితే సమోష్ణ రేఖ, వర్షాన్ని చూపితే సమవర్షపాత రేఖ. వాడుకలో అన్నిటికీ కలిపి కాంటూరు గీతలు.

మరి ఆ గీత పొడవునా వర్షాన్ని కొలిచిందెవరు? ఎవరూ కొలవలేదు. కొలిచింది అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న వర్షమాపకాల దగ్గరే. పటం మీద అవి చుక్కలు. మిగిలిన పటమంతా ఆ చుక్కల నుంచి కట్టిన లెక్క. ఆ లెక్క ఎలా కడతారు, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అనే సంగతులు ఈ పూట మాట్లాడుకుందాం.

మన వాకిట్లో చుక్కల ముగ్గు వేసేటప్పుడు చుక్కలు వరసగా, సమదూరంలో పెడతాం. పెట్టేదీ మనమే, గీత కలిపేదీ మనమే. అందుకే ముగ్గు కుదురుగా వస్తుంది. శాస్త్రవేత్తకు ఆ వీలు లేదు. వర్షమాపకం మండల కేంద్రంలో ఉంటుంది, అడవి నడుమ ఉండదు. బోరుబావి నీరు పడినచోట ఉంటుంది. ఓడ తన దారిన పోతూ కొలతలు తీసుకుంటుంది. అందువల్ల చుక్కలు ఒకచోట గుంపుగా, ఇంకోచోట పలచగా, మరోచోట అసలు లేకుండా ఉంటాయి. ఇలా చెల్లాచెదురుగా పడ్డ కొలతల మీదుగా గీత గీయడమే అసలు సమస్య.

ఈ సమస్యను తీర్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి స్కాట్లాండ్‌లోని షిహాలియన్ అనే కొండ దగ్గర జరిగింది. 1774లో నెవిల్ మాస్కలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లాడు. కొండ తన ఆకర్షణతో తూకపు గుండును ఎంత పక్కకు లాగుతుందో కొలిస్తే, దాన్నిబట్టి భూమి సాంద్రత తేల్చవచ్చునని ఆయన ఆలోచన. అందుకు కొండ ఆకారం కచ్చితంగా తెలియాలి. సర్వే బృందం కొండ మీదా చుట్టుపక్కలా పెద్ద సంఖ్యలో స్థానాల ఎత్తులు కొలిచింది. ఆ అంకెలన్నీ గణిత శాస్త్రవేత్త చార్లెస్ హటన్ చేతికి వచ్చాయి. న్యూకాసిల్ బొగ్గుగని కార్మికుడి కొడుకు ఆయన. కాగితం నిండా అంకెలు. ఒక వరస లేదు, ఒక క్రమం లేదు. అప్పుడు హటన్ ఒకే ఎత్తున్న బిందువులను పెన్సిలుతో సన్నని గీతగా కలిపాడు. అంకెల గుట్టలోంచి కొండ రూపం బయటపడింది. నదుల లోతులకు ఇలాంటి గీతలు గీసినవారు అంతకుముందే ఉన్నారు. కానీ కొండకు వాటిని వాడి, ఆ కొండతో భూమినే తూచిన ఘనత హటన్‌ది. భూమి సగటు సాంద్రత నీటికి సుమారు 4.5 రెట్లని 1778లో ఆయన లెక్క తేల్చాడు. ఈనాడు మనకు తెలిసిన విలువ సుమారు 5.5 రెట్లు. పెన్సిలు గీతల కాలానికి అది చాలా గొప్ప ఫలితం.

ఆ పెన్సిలు పనిని ఇప్పుడు కంప్యూటరు ఎలా చేస్తుందో చూద్దాం. లెక్క సులువే, వింటూ మనసులో కట్టుకోవచ్చు. మూడు ఊళ్లలో మూడు వర్షమాపకాలున్నాయనుకోండి. మొదటి ఊళ్లో 20 మిల్లీమీటర్ల వాన, రెండో ఊళ్లో 60, మూడో ఊళ్లో 40. మూడు ఊళ్లనూ కలిపితే ఒక త్రిభుజం. ఇందులో 50 మిల్లీమీటర్ల గీత ఎటు పోవాలి? మొదటి ఊరి నుంచి రెండో ఊరికి పోతుంటే వాన 20 నుంచి 60కి పెరుగుతుంది. ఆ పెరుగుదల సమంగా ఉందనుకుంటే, దారిలో మూడొంతులు దాటాక, ఇంకా ఒక పావు మిగిలి ఉండగా 50 తగులుతుంది. రెండో ఊరికీ మూడో ఊరికీ మధ్య 60 నుంచి 40కి తగ్గుతుంది కాబట్టి సరిగ్గా సగం దారిలో 50 వస్తుంది. మొదటి, మూడో ఊళ్ల మధ్య 50 అసలు లేదు. దొరికిన ఆ రెండు బిందువులనూ కలపండి. అదే ఈ త్రిభుజంలో 50 మిల్లీమీటర్ల గీత. పటమంతటినీ ఇలాంటి త్రిభుజాలుగా విడదీసి ఒక్కోదాంట్లో ఒక్కో తునక గీసుకుంటూ పోతే, తునకలన్నీ అతుక్కుని పెద్ద గీత తయారవుతుంది. తెలిసిన విలువల మధ్య తెలియని విలువను ఇలా రాబట్టడాన్నే గణితంలో అంతర్వేశనం అంటారు.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు నాలుగో ఊరితో మొదలవుతుంది. ఒక చదరం నాలుగు మూలల్లో నాలుగు ఊళ్లున్నాయనుకోండి. ఎదురెదురు మూలల్లోని రెండు ఊళ్లలో 60 చొప్పున, మిగతా రెండు ఎదురు మూలల్లో 20 చొప్పున వాన పడింది. చదరం నడిమధ్యన ఒక రైతు పొలం ఉంది. అక్కడ ఎంత పడింది? చదరాన్ని రెండు త్రిభుజాలుగా చీల్చాలి. 60 ఉన్న మూలలను కలుపుతూ చీల్చితే ఆ కర్ణం మీద అంతటా 60, పొలంలోనూ 60. 20 ఉన్న మూలలను కలుపుతూ చీల్చితే పొలంలో 20. నాలుగు కొలతలూ అవే, ఎవరూ తప్పు చేయలేదు. అయినా ఒక పటంలో ఆ పొలానికి మంచి వాన పడింది, ఇంకో పటంలో చాలీచాలని వాన. తేడా వచ్చింది ఆకాశంలో కాదు, కర్ణం ఎటు గీశామన్న దగ్గర. ఈ సంగతి మనం మరిచిపోకూడదు.

త్రిభుజాలను ఎలా ఎంచుకోవాలో ఒక చక్కని నియమం చెప్పినవాడు రష్యా గణిత శాస్త్రవేత్త బోరిస్ డెలొనే. ఆయన పర్వతారోహకుడు కూడా. ఏ త్రిభుజం తీసుకున్నా దాని మూడు శీర్షాల గుండా పోయే పరివృత్తం లోపల మరో బిందువు ఉండకూడదని 1934లో రాశాడు. ఈ నియమం పాటిస్తే వీలున్నంత వరకు సన్నగా సూదుల్లా సాగిన త్రిభుజాలు తగ్గుతాయి, నిండైన త్రిభుజాలు వస్తాయి. ఎక్కడో దూరానున్న చుక్కతో కాకుండా పక్కనున్న చుక్కతో జత కుదురుతుంది. ఈనాడు చెల్లాచెదురు కొలతల మీద కాంటూరు గీసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఇదే పునాది. అయితే ఇందాకటి మన చదరం దగ్గర ఈ నియమం కూడా తీర్పు చెప్పలేదు. చదరం నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉంటాయి కాబట్టి రెండు కర్ణాలూ దాని దృష్టిలో సమానమే.

త్రిభుజాలు వద్దనుకుంటే వేరే దారులున్నాయి. 1911లో అమెరికా వాతావరణ శాఖలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ థీసెన్ ప్రతి వర్షమాపకానికీ ఒక ఇలాకా కేటాయించాడు. ఏ చోటుకు ఏ మాపకం దగ్గరో ఆ చోటు దాని కిందికి వస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో జలవనరుల పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ థీసెన్ బహుభుజులు పరిచయమే. చెరువు పరీవాహక ప్రాంతం మీద సగటు వాన కట్టడానికి అవి ఇప్పటికీ పనికొస్తున్నాయి.

1968లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ షెపర్డ్ మరో పద్ధతి చెప్పాడు. తెలియని చోట విలువ కావాలంటే చుట్టూ ఉన్న అన్ని కేంద్రాలనూ అడుగు, కానీ దగ్గరివారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వు. దూరం రెట్టింపైతే మాట బరువు నాలుగో వంతుకు తగ్గాలి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. నగరంలో పది మాపకాలు పక్కపక్కనే ఉండి, అవతలి దిక్కున పల్లెలో ఒక్కటే ఉంటే, పదీ కలిసి ఆ ఒక్కదాని గొంతు నొక్కేస్తాయి. షెపర్డ్ దీన్ని గమనించాడు. ఒకే దిక్కున ఒకదాని వెనుక ఒకటి ఉన్న కేంద్రాల బరువు తగ్గించే ఏర్పాటు కూడా చేశాడు. మన భారత వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గళ్లలోకి మార్చి ఇచ్చే గ్రిడ్డు డేటాకు వాడింది ఈ షెపర్డ్ పద్ధతినే. దేశంలోని 6,955 వర్షమాపక కేంద్రాల రికార్డులు దానికి ఆధారం. అయితే అన్ని కేంద్రాలూ అన్ని ఏళ్లూ లేవు. ఒక ఏడాది ఉన్న చుక్క మరో ఏడాది ఉండకపోవచ్చు. అయినా గడి మాత్రం ఏ రోజూ ఖాళీగా కనిపించదు. ఈ డేటాతో పరిశోధన చేసే విద్యార్థులు ఆ గడి వెనుక ఆనాడు ఎన్ని చుక్కలున్నాయో తప్పకుండా చూసుకోవాలి.

భూభౌతిక శాస్త్రంలో మరో దారి తొక్కారు. పలచని లోహపు రేకును అన్ని చుక్కల విలువలనూ తాకేలా వంచితే, అది వీలైనంత తక్కువ వంపుతో ఒక నునుపైన ఉపరితలంగా నిలుస్తుంది. 1974లో ఇయాన్ బ్రిగ్స్ ఈ భావాన్ని కంప్యూటరు లెక్కగా మార్చాడు. గీతలు కంటికి ఎంతో అందంగా వస్తాయి. కానీ రేకుకు ఒక గుణం ఉంది. రెండు చుక్కల మధ్య నిటారుగా లేచిన రేకు ఆ ఊపులో కొలిచిన శిఖరాన్ని కూడా దాటి పైకి పోతుంది. అవతల కొలిచిన లోతును దాటి కిందికి దిగుతుంది. అలా లేని కొండలు, లేని గుంటలు పుడతాయి. వర్షపాతానికి వాడితే సున్నా కంటే తక్కువ వాన కూడా చూపించగలదు. వాల్టర్ స్మిత్, పాల్ వెసెల్ 1990లో ఆ రేకును అంచుల నుంచి కొంచెం బిగించి లాగినట్టు లెక్కను సవరించారు. బిగువు పెరిగేకొద్దీ ఈ దొంగ శిఖరాలు అణుగుతాయి. వారు తయారుచేసి ఉచితంగా పంచిన మ్యాపింగ్ సాఫ్ట్‌వేరును ప్రపంచమంతటా భూశాస్త్రవేత్తలు వాడుతున్నారు.

ఇన్ని పద్ధతుల్లో నా మనసుకు బాగా దగ్గరైనది దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పుట్టింది. విట్‌వాటర్స్‌రాండ్ గనుల్లో పనిచేసిన డానీ క్రీగ్ అనే ఇంజనీరు ఒక సంగతి పసిగట్టాడు. కొద్ది నమూనాలు చూసి చాలా బంగారం ఉందని అంచనా వేసిన చోట తవ్వితే అనుకున్నంత దొరకడం లేదు. తక్కువ ఉందని వదిలేసిన చోట అంచనా కంటే ఎక్కువ ఉంటోంది. పక్కనున్న నమూనాలను కూడా కలుపుకుని అంచనాను సవరించే గణాంక పద్ధతిని 1951లో వివరించాడు. ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మాతెరాన్ 1960లలో దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచి, క్రీగ్ పేరు మీదుగానే క్రీగింగ్ అన్నాడు. ఈ పద్ధతి ముందుగా కొలతలనే ఒక ప్రశ్న అడుగుతుంది: దూరం పెరిగేకొద్దీ మీలో మీకు పోలిక ఎంత తగ్గుతోంది? ఆ జవాబును బట్టి ఎవరి మాటకు ఎంత బరువో తేలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, అది రెండు పటాలు ఇస్తుంది. ఒకటి అంచనా పటం. రెండోది ఆ అంచనా ఎక్కడ ఎంత తప్పిపోవచ్చో చూపే పటం. చుక్కలు దగ్గరగా ఉన్నచోట తప్పు తక్కువ, దూరమైనచోట ఎక్కువ. తనకు తెలియనిదేమిటో తానే చెప్పే పటం ఇది. శాస్త్రంలో ఇంతకు మించిన నిజాయితీ ఏముంటుంది!

ఇక ఏ లెక్కకూ తనంతట తెలియని విషయం ఒకటుంది. నడుమ అడ్డం ఉందన్న సంగతి. సముద్రం నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, హిందూ మహాసముద్రంలోని ఆర్గో పరికరాల కొలతలకు ప్రాంతీయ కేంద్రం. ఆర్గో అంటే సముద్రంలో తేలుతూ, మునుగుతూ తిరిగే గొట్టాల వంటి యంత్రాలు. దాదాపు 1,000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతాయి. సుమారు పది రోజులకు ఒకసారి 2,000 మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ దారి పొడవునా ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తాయి. ఉపగ్రహానికి ఆ వివరాలు పంపి మళ్లీ మునుగుతాయి. ఇక్కడ చుక్కలు చెల్లాచెదురుగా ఉండటమే కాదు, ప్రతిసారీ చోటు మారతాయి కూడా. ఈ కొలతలు మనకు ప్రాణావసరం. బంగాళాఖాతంలో 26 డిగ్రీల సమోష్ణ రేఖ ఎంత లోతున ఉందో, అంటే పైపొరలో ఎంత వేడి నిల్వ ఉందో, దానిమీద తుపాను బలం చాలావరకు ఆధారపడుతుంది.

ఇప్పుడు గోవా అవతల అరేబియా సముద్రంలో ఒక యంత్రం, మచిలీపట్నం అవతల బంగాళాఖాతంలో ఇంకో యంత్రం ఉన్నాయనుకోండి. ఏమీ చెప్పకుండా వదిలేస్తే కంప్యూటరు ఆ రెండింటినీ కలిపి త్రిభుజం గీసేస్తుంది. నడుమ నేలంతా ఉందని దానికి తెలియదు. అరేబియా సముద్రం ఉప్పదనం ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణా నదుల నీరు కలిసే బంగాళాఖాతం ఉప్పదనం తక్కువ. ఆ రెండింటి సగటు ఏ సముద్రానిదీ కాదు. వర్షం విషయంలో పడమటి కనుమలు ఇలాంటి అడ్డమే. కనుమల పడమటి వాలున ఏడాదికి కొన్ని వేల మిల్లీమీటర్ల వాన. శిఖరం దాటి తూర్పుకు రాగానే అది హఠాత్తుగా పడిపోతుంది. అనంతపురం చేరేసరికి సుమారు 550. నడుమ మాపకాలు లేకుండా గీతలు గీస్తే వాన మెల్లగా తగ్గుతూ వచ్చినట్టు పటం చూపిస్తుంది. ఆ ప్రాంతాన్ని ఎరిగిన మనిషి పక్కన ఉండి సరిచేయాల్సిన చోటిది.

సముద్రపు తీరును కంప్యూటరులో అనుకరించే లెక్కల్లో గళ్లు కూడా వంకరగా ఉంటాయి. రేఖాంశాలన్నీ ఉత్తర ధ్రువం దగ్గర ఒక్క బిందువులోకి కుంచించుకుపోతాయి కాబట్టి అక్కడ లెక్క కట్టడం కష్టం. అందుకని గళ్ల ధ్రువాన్ని సముద్రం మీద ఉంచకుండా కెనడా, సైబీరియా నేలల మీదికి జరుపుతారు. అలాంటి డేటాను మామూలు అక్షాంశ రేఖాంశాల గళ్లుగా భావించి గీస్తే ఆర్కిటిక్ అంతా మెలిపడిపోతుంది. ప్రతి గడికీ దాని అసలు స్థానం చెప్పి గీయించడమే మార్గం.

ఇంతకూ ఇదంతా మనకెందుకు? నేను ఈ మాటలు చెప్పడానికి ముఖ్య కారణం నల్లగొండ, ప్రకాశం జిల్లాల వంటి ఫ్లోరైడ్ ప్రాంతాలు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చు అని భారత ప్రమాణం. ఈ ఫ్లోరైడ్ రాతిపొరలోని పగుళ్లను బట్టి, బోరు లోతును బట్టి మారుతుంది. ఒకే ఊళ్లో ఒక బోరు నీరు తాగవచ్చు, కొద్ది దూరంలోని ఇంకో బోరు నీరు తాగకూడదు. అలాంటిచోట కొన్ని బావుల కొలతలతో 1.5 గీత గీసి, ఇటు క్షేమం, అటు ప్రమాదం అని రంగులు వేస్తే, క్షేమమన్న రంగు లోపల కూడా ఎముకలు వంచే నీటిని తాగుతున్న పిల్లలు ఉండవచ్చు. ఆ పటం జిల్లాలో ఎటువైపు సమస్య ఎక్కువో చెప్పడానికి పనికొస్తుంది. ఫలానా బోరు నీరు తాగవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఆ బోరు నీటిని పరీక్షించడం ఒక్కటే. వాతావరణ ఆధారిత పంటల బీమాలోనూ ఇంతే. పరిహారం తేల్చేది నిర్ణీత కేంద్రంలో నమోదైన వాన. పొలం ఆ కేంద్రానికి ఎంత దూరమన్నది రైతు బతుకు ప్రశ్న.

కొలిచిందేదో, ఊహించిందేదో విడిగా చూపే విషయంలో మనకు దారి చూపినవాడు ఒకడున్నాడు. తోకచుక్కతో మనకు పేరు తెలిసిన ఎడ్మండ్ హేలీ. దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరం నుంచి ఎంత పక్కకు తిరుగుతుందో కొలవడానికి ఆయన 1698 నుంచి 1700 దాకా పారమోర్ అనే ఓడలో అట్లాంటిక్ మీద తిరిగాడు. 1701లో అచ్చువేసిన పటంలో సమాన విచలనపు గీతలు గీశాడు. ఆ గీతలతో పాటు తన ఓడ ఏ దారిన పోయిందో కూడా అదే పటం మీద చూపాడు. చూసేవారికి కొలిచింది ఎక్కడో తెలుస్తుంది. ఆ తర్వాత ప్రపంచ పటం వేసినప్పుడు, కొలతలు లేని పసిఫిక్ మహాసముద్రం మీద గీతలే గీయకుండా వదిలేశాడు. ఈ రెండు పనులూ మూడు వందల ఏళ్ల తర్వాత కూడా పటం గీసే ప్రతివారికీ పాఠమే.

అందుకని నా విన్నపం ఇది. పటం తయారుచేసే మిత్రులారా, గీతలతో పాటు చుక్కలు కూడా చూపండి. ఏ పద్ధతి వాడారో పటం కిందనే రాయండి. చుక్కల పరిధి దాటినచోట రంగు వేయకండి, తెల్లగా వదలండి. సైన్సు, భూగోళం చెప్పే ఉపాధ్యాయులారా, మీ జిల్లాలోని మండలాల వర్షపాతం అంకెలు పిల్లలకిచ్చి కాగితం మీద పెన్సిలుతో సమవర్షపాత రేఖలు గీయించండి. ఇద్దరు పిల్లల గీతలు ఒకేలా రావు. ఎందుకు రాలేదో వాళ్లనే మాట్లాడుకోనివ్వండి, ఈ ప్రసంగం చేయగలిగిన దానికంటే ఎక్కువ నేర్చుకుంటారు. పటాన్ని చూసి నిర్ణయాలు తీసుకునే అధికారులారా, రంగును నమ్మేముందు దానికింద ఎన్ని చుక్కలున్నాయో అడగండి.

చివరగా ఒక మాట. గీత బలహీనంగా ఉంటే దాన్ని బాగుచేసేది మరింత తెలివైన లెక్క కాదు, మరో కొలత. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం దగ్గరికి వెళ్లి నీటి మట్టం చూసి అంకె రాసే మనిషి ఉన్నాడే, పటం మీది ప్రతి గీతా ఆ మనిషి శ్రమ మీదే నిలబడి ఉంది. ఒక కేంద్రాన్ని మూసేస్తే ఆ చుట్టుపక్కల వందల ఎకరాల గురించి మనకు తెలిసింది ఊహగా మారిపోతుంది. కొత్త కేంద్రం పెడితే అంతమేరా ఊహ తగ్గి జ్ఞానం పెరుగుతుంది. కాబట్టి మన ఊళ్లో వర్షమాపకం పనిచేస్తోందా, మన బోరు నీటికి పరీక్ష జరిగిందా అని పంచాయతీలో అడగడం కూడా శాస్త్రానికి చేసే సేవే. అడగండి, అడుగుతూనే ఉండండి.